బల్ల గుద్దిన భక్తుడు: డన్, హెర్బర్ట్, వాన్‌లను ఎలా చదవాలి?

మీ ఉత్తరం అందింది. ఎం.ఏ. ఇంగ్లీషులో పదిహేడో శతాబ్దపు ఇంగ్లీషు భక్తి కవులు జాన్ డన్, జార్జ్ హెర్బర్ట్, హెన్రీ వాన్ సిలబస్‌లో ఉన్నారనీ, గైడు చదివితే అంతా అర్థమైనట్టే ఉండి పద్యం దగ్గరకు వచ్చేసరికి ఏమీ పట్టుబడటం లేదనీ రాశారు. ఇంటర్ దాకా తెలుగు మీడియం, ఇంట్లో బైబిలు ఎప్పుడూ చూడలేదు, ఈ కవిత్వం నాబోటివాళ్లకు అందుతుందా అని అడిగారు. చివర్లో "ఇదంతా మన అద్వైతమే కదండీ, పరీక్షలో అలా రాయొచ్చా?" అన్నారు.

ముప్పై ఏళ్లు డిగ్రీ, పీజీ పిల్లలకు ఈ కవులను చెప్పిన అనుభవంతో రాస్తున్నాను. మీకు తప్పకుండా అందుతుంది. తెలుగు చెవి ఉన్నవాళ్లకు కొన్ని చోట్ల ఇంగ్లీషువాళ్లకన్నా త్వరగానే అందుతుంది. ఇంకొన్ని చోట్ల ఆ చెవే మనల్ని పక్కదారి పట్టిస్తుంది. ఎక్కడ మన మాట సరిగ్గా అతుకుతుందో, ఎక్కడ అతకదో చూసుకుంటూ చదవాలి. నా అనుభవంలో అతకని చోటే పద్యం అసలు మొదలవుతుంది.

ముందు గైడు సంగతి. హెర్బర్ట్ రాసిన 'ద కాలర్' గురించి ఏ గైడు తీసినా ఒకటే ఉంటుంది: కవి దేవుడి మీద తిరగబడతాడు, చివర్లో లొంగిపోతాడు. అందులో తప్పేమీ లేదు. కానీ ఆ సారాంశం తెలిశాక పద్యంలో చదవడానికి ఇంకేం మిగలదు అనిపిస్తుంది. అక్కడే చిక్కు. ఈ కవులు చెప్పదలచుకున్న నీతి రెండు ముక్కల్లో తేలిపోతుంది. వాళ్లు రాసింది నీతి కాదు, ఒక గొడవ. ఇద్దరి మధ్య జరిగే గొడవ. కాబట్టి ఏ పద్యం తీసినా ముందు భావం ఏమిటని వెతక్కండి. ఎవరు మాట్లాడుతున్నారు, ఎవరితో, ఏ గొంతుతో, ఆ గొంతు ఎక్కడ మారింది అని చూడండి. పెన్సిలు తీసుకుని ఆ మారిన చోట గీత పెట్టండి.

'ద కాలర్' మొదటి పాదం: "ఐ స్ట్రక్ ద బోర్డ్, అండ్ క్రైడ్, నో మోర్." చాలా ఏళ్ల కిందట క్లాసులో నేను 'బోర్డ్ అంటే ఆ రోజుల్లో భోజనాల బల్ల, కోపంతో బల్ల గుద్దాడు' అని చెప్పి ముందుకు వెళ్లిపోబోతుంటే, వెనక బెంచీలోంచి ఒకమ్మాయి చెయ్యెత్తింది. "సార్, మా చర్చిలో ప్రభువు బల్ల అంటామండీ. బల్లలో పాలు పొందడం అంటే రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడం. ఈయన గుద్దింది ఆ బల్లనేనా?" అని అడిగింది.

ఆ బల్లే. హెర్బర్ట్ కాలపు ఇంగ్లీషులో బోర్డ్ అంటే మామూలు భోజనాల బల్ల, అలాగే చర్చిలో ప్రభువు రాత్రి భోజనం వడ్డించే బల్ల కూడా. ఇవాళ్టి ఇంగ్లీషు విద్యార్థికి ఆ రెండో అర్థం ఫుట్‌నోట్ చూస్తే గానీ తెలియదు. మన తెలుగు క్రైస్తవుల ఇళ్లలో అది రోజూ వాడే మాట. పైగా మనకు 'బల్ల గుద్ది చెప్పడం' అనే నుడికారం కూడా ఉంది. పాదం మొత్తం తెలుగులో ముందే ఉన్నట్టుంది. ఆ రోజు నుంచి నేను ఆ పద్యాన్ని ఆ అమ్మాయి ప్రశ్నతోనే మొదలుపెట్టేవాణ్ని. పాదిరి ఒకడు తాను రోజూ నిలబడే బల్లనే గుద్ది "ఇక చాలు, బయటికి పోతాను" అంటున్నాడు. పద్యం బరువు అక్కడుంది.

ఇప్పుడు పైకి చదవండి. 36 పాదాలు. కొన్ని పొడుగు, కొన్ని రెండు మూడు మాటలే. ప్రాసలు ఉన్నాయి గానీ ఎక్కడ పడతాయో చెవికి తెలియదు, చెదిరిపోయి ఉంటాయి. కోపంలో ఉన్న మనిషి మాటలు అలాగే ఉంటాయి. "నా పంటలో ముళ్లే తప్ప ఏమీ లేవా? ఏడాదంతా నాకు పోయినట్టేనా? పూలు లేవా, దండలు లేవా?" అని అరుస్తాడు. ఆఖరి నాలుగు పాదాల దగ్గరకు వచ్చేసరికి ప్రాస ఒక్కసారిగా కుదురుకుంటుంది: వైల్డ్, వర్డ్, చైల్డ్, లార్డ్. ఒకటీ మూడూ, రెండూ నాలుగూ. నేను ఇంకా రెచ్చిపోతూ ఉండగా ఎవరో 'చైల్డ్!' అని పిలిచినట్టు అనిపించింది, 'మై లార్డ్' అన్నాను. అంతే, పద్యం అయిపోయింది. అతని వాదనకు జవాబు రాలేదు. ముళ్ల సంగతి, పోయిన ఏడాది సంగతి ఎవరూ తేల్చలేదు. ఒక్క పిలుపు వచ్చింది. 'చైల్డ్' అన్నది ఇక్కడ 'నాయనా' లాంటిది. కసురుతున్నట్టూ వినొచ్చు, దగ్గరకు తీసుకుంటున్నట్టూ వినొచ్చు. రెండు రకాలుగానూ పైకి చదివి చూడండి, పద్యం మారిపోతుంది.

ఇది చదవగానే మనవాళ్లకు రామదాసు గుర్తొస్తాడు. రావాల్సిందే. "ఎవడబ్బ సొమ్మని కులుకుచు తిరిగేవు" అని రాముణ్ని నిలదీసి, వెంటనే దెబ్బలకు ఓర్వలేక తిట్టానయ్యా అని బాధపడిన గొంతు మనకు చిన్నప్పటి నుంచీ తెలుసు. దేవుణ్ని తిట్టడం భక్తిలో భాగమే అని మనకెవరూ పాఠం చెప్పక్కర్లేదు. ఆ చెవి హెర్బర్ట్ దగ్గర అక్కరకొస్తుంది. కానీ ఒక్క క్షణం ఆగి తేడా చూడండి. రామదాసు రాముడి మొహం మీదే తిడుతున్నాడు, ఎదురుగా ఉన్నాడన్న ధీమాతో. హెర్బర్ట్ పద్యంలో మనిషి దేవుడితో మాట్లాడటమే లేదు. తనలో తాను అరుచుకుంటున్నాడు, తన గుండెకు తానే నచ్చజెప్పుకుంటున్నాడు. దేవుడితో అన్న మాట ఆ ఆఖరి రెండే. అంతదాకా మాట్లాడకపోవడమే అతని తిరుగుబాటు. 'నిందాస్తుతి' అని ఒక్క మాటలో రాసి ఊరుకుంటే ఈ తేడా చేజారిపోతుంది.

పేరు విషయం త్వరగా చెప్పేస్తాను, పరీక్షలో అడుగుతారు గనుక. 'మెటాఫిజికల్ కవులు' అన్నది వాళ్లు పెట్టుకున్న పేరు కాదు. డన్ ప్రేమ పద్యాల్లో కూడా తత్త్వశాస్త్రం (మెటాఫిజిక్స్) దూరుస్తాడని తర్వాతి తరం కవి డ్రైడెన్ 1693లో విసుక్కున్నాడు. విమర్శకుడు శామ్యూల్ జాన్సన్ 1779లో, కౌలీ అనే కవి జీవితం రాస్తూ, పొంతన లేని భావాలను బలవంతంగా ఒకే కాడికి కట్టారని తప్పు పట్టాడు. 1912లో గ్రియర్సన్ అనే పండితుడు డన్ పద్యాలను జాగ్రత్తగా పరిష్కరించి అచ్చు వేశాక, 1921లో కవి టి.ఎస్. ఎలియట్ వీళ్లమీద వ్యాసం రాశాక వీళ్లకు మళ్లీ గౌరవం వచ్చింది. వీళ్లంతా ఒక బృందం కాదు. డన్‌కు హెర్బర్ట్ తల్లితో స్నేహం ఉంది, 1627లో ఆమె పోయాక స్మారక ప్రసంగం ఆయనే చేశాడు. వాన్ అయితే, హెర్బర్ట్ పద్యాలు చదివే తన దారి మార్చుకున్నానని తన పుస్తకం ముందుమాటలో రాసుకున్నాడు. ఇంతకు మించిన చుట్టరికం వెతక్కండి. జాన్సన్ తిట్టు మాత్రం గుర్తుంచుకోండి, ఎందుకంటే ఆయన సరిగ్గానే చూశాడు. విడిపోతున్న భార్యాభర్తలను జామెట్రీ బాక్సులోని వృత్తలేఖిని కాళ్లతో పోల్చడం డన్ పని. ఒక కాలు మధ్యలో నాటుకుని, రెండోది తిరుగుతున్నంతసేపూ దానివైపే వాలుతూ ఉంటుంది. దీన్ని 'కన్సీట్' అంటారు. మనం రూపకం, ఉత్ప్రేక్ష అని పేర్లు పెట్టుకోవచ్చు గానీ, ఇక్కడ పోలిక అలంకారంగా పనిచేయదు. వాదనలో సాక్ష్యంగా పనిచేస్తుంది.

మొదలుపెట్టడానికి ఒక్క పద్యం చెప్పమంటే నేను డన్‌ను చెప్పను. హెర్బర్ట్ రాసిన 'లవ్' చెబుతాను. ఆ పేరుతో ఆయనవి మూడున్నాయి, మూడోది చదవండి. 18 పాదాలు. ఆయన 1593లో వేల్స్‌లోని మాంట్‌గోమరీలో పుట్టాడు. కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ తరఫున ప్రసంగాలు చేసే పెద్ద పదవిలో ఉన్నాడు. చివరికి 1630లో సాల్స్‌బరీ పక్కన బెమర్టన్ అనే పల్లెలో పాదిరిగా చేరి, మూడేళ్లకే క్షయతో, నలభై నిండకుండా పోయాడు. పోయే ముందు చేతిరాత ప్రతిని లిటిల్ గిడ్డింగ్ అనే ఊళ్లో ఉండే స్నేహితుడు నికొలస్ ఫెరార్‌కు పంపాడు. 'ద టెంపుల్' పేరుతో అది ఆయన పోయిన 1633లోనే అచ్చయింది. అందులో 'ద చర్చ్' అనే ముఖ్యభాగానికి ఆఖరి పద్యం ఈ 'లవ్'.

"లవ్ బేడ్ మీ వెల్కమ్, యెట్ మై సోల్ డ్రూ బ్యాక్." ప్రేమ నన్ను రమ్మంది, నా ప్రాణం వెనక్కి తగ్గింది. ప్రేమ అంటే ఇక్కడ దేవుడు. ఇంగ్లీషు విమర్శకులు ఈ 'డ్రూ బ్యాక్' గురించి పేజీలు రాశారు. మనకు ఒక్క మాట చాలు: మొహమాటం. పెద్దవాళ్ల ఇంటికి విందుకు వెళ్లి, గుమ్మం దగ్గరే ఆగిపోయి, "ఫర్వాలేదండీ, ఇక్కడే ఉంటాను" అనే మనిషి మనకు బాగా తెలుసు. ఇంటాయన వచ్చి, ఏం కావాలి, ఏం తక్కువైంది అని మెల్లగా అడుగుతాడు. ఆ అడిగే తీరు ఆనాటి పూటకూళ్ల ఇంటి యజమాని గుమ్మంలో అడిగే తీరు. ఇక్కడికి వచ్చి కూర్చోదగిన అతిథి లేడు అంటాడు ఇతను. ఆ అతిథివి నువ్వే అంటాడు ఆయన. నేను కృతఘ్నుణ్ని, మీవైపు కన్నెత్తి చూడలేను అంటే, చెయ్యి పట్టుకుని నవ్వుతూ, "ఆ కళ్లు చేసింది నేను కాక ఇంకెవరు?" అంటాడు. ఇంగ్లీషులో 'ఐ' అంటే కన్నూ అదే, నేనూ అదే. శ్లేష. ఇలాంటి చోట మన ప్రబంధాలు చదివినవాళ్లకు చెవి నిక్కబొడుచుకుంటుంది.

ఇక్కడి దాకా మొహమాటం సరిపోయింది. ఇక సరిపోదు. ఈ మనిషి వెనక్కి తగ్గింది మర్యాద కోసం కాదు. రెండో పాదంలోనే చెప్పాడు, 'డస్ట్ అండ్ సిన్' అని. మట్టి, పాపం. ఆ కళ్లను నేను పాడు చేశాను, నాకు తగిన చోటికే నన్ను పోనివ్వండి అంటాడు. ఆ నింద ఎవరు మోశారో నీకు తెలియదా అంటాడు ఇంటాయన. మనుషుల పాపాన్ని యేసు సిలువ మీద మోశాడన్నది క్రైస్తవుల నమ్మకం. సిలువ అన్న మాట పద్యంలో ఎక్కడా లేదు, ఉన్నదంతా ఈ ఒక్క ప్రశ్నలో ఉంది. క్రైస్తవం తెలియకుండా ఈ పద్యం సగమే అందుతుంది అనేది ఇందుకే. ఆ సగం తెలుసుకోవడానికి పెద్ద చదువేం అక్కర్లేదు.

అప్పుడు అతిథి ఆఖరి బేరం పెడతాడు: "మై డియర్, దెన్ ఐ విల్ సర్వ్." దీన్ని తెలుగులోకి మార్చబోతే తెలుస్తుంది. సర్వ్ అంటే సేవ చేయడం, వడ్డించడం కూడా. తెలుగులో ఏదో ఒకటే పట్టుకోవాలి. నేను 'అయితే నేనే వడ్డిస్తాను' అంటాను. మన ఇళ్లలో చూసే ఉంటారు. ఇంకొకరి చేత వడ్డించుకోవడం ఇబ్బందిగా ఉన్న మనిషి, లేచి గరిటె తీసుకుంటాడు. వడ్డిస్తే చేతిలో ఏదో ఒక పని ఉంటుంది, ఊరికే తీసుకుంటున్నానన్న భావం ఉండదు. ఇంటాయన దానికీ ఒప్పుకోడు. కూర్చో, నా భోజనం రుచి చూడు అంటాడు. "సో ఐ డిడ్ సిట్ అండ్ ఈట్." ఆరు మాటలు, ఆరూ ఒక్కో అక్షరం పలుకుబడివే. ఈ పాదాన్ని గబగబా చదవడం కుదరదు. పుస్తకమంతా దేవుడితో పెనుగులాడిన మనిషి కూర్చుని తిన్నాడు. అంతకుమించి ఆయనేమీ రాయలేదు.

బయటివాళ్లకు ఇది అందుతుందా అన్నారు కదా. సిమోన్ వెయ్ అనే ఫ్రెంచి తత్త్వవేత్త మతం పట్టింపు లేని యూదు కుటుంబంలో పెరిగింది. 1938 ఈస్టర్ సమయంలో సొలెమ్ మఠంలో ఒక ఇంగ్లీషు యువకుడి ద్వారా ఈ కవుల గురించి తెలిసింది. 'లవ్' కంఠస్థం చేసి, భరించలేని తలనొప్పి వచ్చినప్పుడల్లా మనసు మొత్తం పెట్టి దాన్ని వల్లించుకునేది. మంచి పద్యం వల్లిస్తున్నాననే అనుకుంది, తనకు తెలియకుండానే అది ప్రార్థన అయిందని తర్వాత ఒక ఫాదర్‌కు రాసిన ఉత్తరంలో చెప్పుకుంది. అందరికీ అలాగే జరుగుతుందని చెప్పడం లేదు. కంఠస్థం చేయమని చెబుతున్నాను. మనకు శతక పద్యాలు అలాగే వచ్చాయి, ముందు నోటికి, ఎన్నో ఏళ్లకు మనసుకు.

డన్ దగ్గరకు వస్తే గాలి మారిపోతుంది. ఆయన 1572లో లండన్‌లో కాథలిక్ కుటుంబంలో పుట్టాడు, కాథలిక్‌గా ఉండటం ప్రమాదమైన కాలంలో. తమ్ముడు హెన్రీ ఒక కాథలిక్ ప్రీస్టుకు ఆశ్రయం ఇచ్చాడని పట్టుబడి 1593లో జైల్లోనే చనిపోయాడు. డన్ తర్వాత ఆ మతశాఖ వదిలేశాడు. 1601లో యజమాని బంధువుల అమ్మాయి ఆన్ మోర్‌ను రహస్యంగా పెళ్లి చేసుకుని ఉద్యోగం పోగొట్టుకున్నాడు, జైలుకూ వెళ్లాడు. 1615లో ఇంగ్లండ్ చర్చిలో పాదిరి అయ్యాడు, 1621లో లండన్‌లోని పెద్ద చర్చి సెయింట్ పాల్స్‌కు డీన్, అంటే పెద్ద పాదిరి, అయ్యాడు. ఈ మధ్యలో 1617లో ఆన్ పోయింది. ఇదంతా పరీక్ష కోసం చెప్పడం లేదు. ఈ మనిషికి దేవుడి దగ్గర హెర్బర్ట్‌కున్న చనువు ఎందుకు లేదో తెలియడానికి చెబుతున్నాను.

"బాటర్ మై హార్ట్, త్రీ-పర్సన్డ్ గాడ్." నా గుండెను మోదు, త్రియేక దేవా. ఈ సానెట్‌లో, అంటే పద్నాలుగు పాదాల పద్యంలో, క్రియలు మాత్రం విడిగా కాగితం మీద రాసుకోండి. ఇప్పటిదాకా నువ్వు చేసింది: నాక్, బ్రీద్, షైన్. తట్టావు, ఊపిరి ఊదావు, వెలుగిచ్చావు. ఇక చేయాల్సింది: బ్రేక్, బ్లో, బర్న్. మూడింటికి మూడు, ఒక్కోదానికి తీవ్రరూపం. తట్టడం కాదు బద్దలు కొట్టు, ఊదడం కాదు తిత్తి కొట్టు, వెలుగు కాదు మంట. అక్కడే వచ్చే 'మెండ్' (బాగుచేయడం) అన్న మాటకు మన పల్లెల్లో సరైన మాట ఉండేది: మాటు వేయడం. చిల్లుపడ్డ గిన్నెకు మాటు వేసి ఇస్తే ఇంకో ఏడాది వస్తుంది. డన్‌కు మాటు వద్దు, కొలిమిలో వేసి కరిగించి కొత్తగా చేయమంటున్నాడు.

తర్వాత శత్రువు ఆక్రమించిన ఊరినంటాడు. ఆ తర్వాత నీ శత్రువుతో నాకు పెళ్లి నిశ్చయమైంది, విడిపించు అంటాడు. చివరి పాదంలో నువ్వు నన్ను బలవంతంగా లోబరచుకుంటే తప్ప నేను పవిత్రం కాలేను అంటాడు. 'రావిష్' అనే ఆ మాటకు అప్పట్లో పారవశ్యం అనే అర్థమూ ఉంది, బలాత్కారం అనే అర్థమూ ఉంది. క్లాసులో చాలామంది మాస్టార్లు మొదటిదే చెప్పి దాటేస్తారు. దాటేయకూడదు, రెండో అర్థం కలిగించే జంకు లేకపోతే పద్యం చల్లబడిపోతుంది. మనకు అన్నమయ్య శృంగార సంకీర్తనలు ఉన్నాయి గనుక భక్తుడు స్త్రీ గొంతుతో మాట్లాడటం కొత్త కాదు. కానీ అన్నమయ్య నాయికకు అలకలోనైనా తనవాడెవరో తెలుసు. డన్‌కు ఆ భరోసా లేదు.

వైష్ణవ కుటుంబాల్లో పెరిగినవాళ్లకు మర్కట కిశోర న్యాయం, మార్జాల కిశోర న్యాయం తెలిసే ఉంటాయి. కోతిపిల్ల తానే తల్లిని పట్టుకుంటుంది, పిల్లికూనను తల్లే నోట కరుచుకుని మోస్తుంది. అనుగ్రహంలో మన ప్రయత్నం ఎంత అన్న ఈ తగువే ఐరోపాలోనూ జరిగింది. డన్ కాలానికి ఇంగ్లండ్‌లో క్రైస్తవ మత సంస్కర్త కాల్విన్ ప్రభావం బలంగా ఉంది: దేవుడు పట్టుకుంటే తప్ప మనిషి ఒక్క అడుగూ వేయలేడు. అంటే డన్ పిల్లికూన పక్షమే. అయితే పిల్లికూనకు భయం ఉండదు. డన్‌కు ఉన్నదంతా భయమే. ఆయన పద్యంలో 'ఎక్సెప్ట్ యూ' అని రెండుసార్లు వస్తుంది, నువ్వు చేస్తే తప్ప, నువ్వు చేస్తే తప్ప అని. ఎత్తుకుంటుందో లేదో తెలియక అరిచే కూన గొంతు అది. ఈ పోలిక నాకు ఎన్నో క్లాసుల్లో పనికొచ్చింది, సరిగ్గా అతకదు గనుకే పనికొచ్చింది.

డన్‌దే ఇంకొకటి, 'ఎ హిమ్ టు గాడ్ ద ఫాదర్'. మూడే చరణాలు. ఆయన పేరు పలకడం 'డన్' అనే, అంటే 'అయిపోయింది' అనే మాటలాగే. "వెన్ దౌ హాస్ట్ డన్, దౌ హాస్ట్ నాట్ డన్, ఫర్ ఐ హావ్ మోర్." క్షమించడం అయిపోయిందనుకుంటావు, అవలేదు, నా దగ్గర ఇంకా ఉన్నాయి. అదే వాక్యంలో: డన్ ఇంకా నీకు దక్కలేదు. 'మోర్' భార్య పుట్టింటి పేరు కూడానని కొందరు విమర్శకులు అంటారు. త్యాగయ్య కీర్తనల్లో ముద్ర విని పెరిగిన మనకు కవి పేరు పాట చివర పలకడం మామూలే. ఇక్కడ పేరే ప్రార్థన అయింది. ఆయన జీవితం రాసిన ఐజక్ వాల్టన్, దీనికి బాణీ కట్టించి సెయింట్ పాల్స్‌లో పాడించుకుని డన్ వినేవాడని చెబుతాడు.

మిస్టిక్ కవిత్వం, అంటే దేవుణ్ని నేరుగా అనుభవించాలనే కవిత్వం, ఏమిటో తెలియడానికి హెన్రీ వాన్ దగ్గరకు వెళ్లండి. వేల్స్‌లో అస్క్ నది ఒడ్డున పుట్టి పెరిగి అక్కడే వైద్యం చేశాడు. ఆయన పద్యాల పుస్తకం 'సైలెక్స్ సింటిలాన్స్' 1650లో వచ్చింది, పెంచిన కూర్పు 1655లో. ఇంగ్లండ్‌లో అంతర్యుద్ధం, రాజు శిరచ్ఛేదం, ప్రార్థన పుస్తకం మీద నిషేధం, ఇవన్నీ ఆ పద్యాల వెనక ఉన్నాయి. అలవాటైన చర్చి మూతపడ్డ మనిషి పొలాల్లో, రాత్రుల్లో దేవుణ్ని వెతుక్కున్నాడు. 'ద వరల్డ్' ఇలా మొదలవుతుంది: "ఐ సా ఎటర్నిటీ ది అదర్ నైట్." మొన్న రాత్రి అనంతకాలాన్ని చూశాను. మొన్న రాత్రి సంతలో మీ బావగారిని చూశాను అన్నంత మామూలుగా అన్నాడు. అది 'రింగ్' లా, అంతులేని వెలుగులా ఉందన్నాడు. తెలుగులో మనం వలయం అని రాసుకుంటాం. పద్యం చివరికి వచ్చేసరికి ఒక గొంతు గుసగుసగా, ఈ రింగ్ పెళ్లికొడుకు తన పెళ్లికూతురికే ఉంచాడు అంటుంది. అప్పుడు తెలుస్తుంది, మొదటి నుంచీ అది ఉంగరం. మన పెళ్లిలో గుర్తు మంగళసూత్రం గనుక మనకిది తట్టదు, ఆగి చూడాలి. ఆకాశమంత వలయం వేలికి పట్టే ఉంగరం కావడంలోనే ఆ పద్యం ఉంది.

అద్వైతం ప్రశ్నకు ఇక్కడే జవాబు చెబుతాను. అలా రాయకండి. మార్కులు పోతాయని కాదు, పద్యం పోతుందని. హెర్బర్ట్ బల్ల దగ్గర ఆఖరి మాట దాకా ఇద్దరున్నారు, వడ్డించేవాడూ తినేవాడూ. వాన్ పద్యంలో వరుడూ వధువూ ఇద్దరే. డన్ నన్ను విరగ్గొట్టమన్నాడు గానీ నువ్వూ నేనూ ఒకటే అనలేదు. నదీ సముద్రం పోలిక వీళ్ల మీద పెడితే వీళ్ల బాధ అంతా అనవసరం అయిపోతుంది. పోల్చాలనే ఉంటే శరణాగతి దగ్గర, శేష-శేషి భావం (జీవుడు దేవుడి సొత్తు అన్న భావం) దగ్గర పోల్చండి, అక్కడా పాపం, సిలువ అన్నవి పక్కకు పోకుండా చూసుకోండి. వాన్ 'ద నైట్'లో దేవుడిలో లోతైన, కళ్లు చెదిరే చీకటి ఉంది అంటాడు. చాలా వ్యాసాల్లో ఈ పాదం చూపించి వాన్‌కు బ్రహ్మానుభవం అయిందని రాసేస్తారు. అసలు పాదంలో 'సమ్ సే' అని ఉంది. కొందరంటారు. తాను చూశానని అనలేదు, ఆ చీకటిలో ఉండాలని కోరుకున్నాడు. అంత నిజాయితీగా రాసినవాడి నోట మనం ఎక్కువ మాట పెట్టకూడదు.

హెర్బర్ట్ 'ప్రేయర్' అనే సానెట్‌లో తెలుగు చెవి ఇంకో రకంగా మోసపోతుంది. ప్రార్థన అంటే ఏమిటో పద్నాలుగు పాదాల్లో వరసగా చెబుతాడు: తిరగేసిన ఉరుము, నక్షత్రాలకు అవతల వినిపించే చర్చి గంటలు, సుగంధద్రవ్యాల దేశం. ఎక్కడా ప్రధాన క్రియ లేదు. ఇంగ్లీషులో వాక్యం క్రియ లేకుండా నిలవదు, కాబట్టి ఇంగ్లీషు పాఠకుడు ఊపిరి బిగబట్టి ఎదురుచూస్తాడు. మనకు 'ఆయన మా నాన్న' అంటే క్రియ లేకుండానే వాక్యం అయిపోతుంది, అందుకే లోటు తెలియదు. తెలియాలి. ఆ క్రియ చివరి దాకా రాదు. "సమ్‌థింగ్ అండర్‌స్టుడ్" అని ఆగిపోతుంది. (ఆ సుగంధద్రవ్యాల దేశం అంటే మా తూర్పు వైపే అని చెబితే పిల్లలు సంబరపడేవారు. పుస్తకం అచ్చు కావడానికి ఇరవై ఏళ్ల ముందే, 1611లో, ఇంగ్లీషు కంపెనీవాళ్లు మచిలీపట్నంలో వ్యాపారం మొదలుపెట్టారు. అక్కడ వాళ్లు కొన్నది బట్టలు, వాటిని తీసుకెళ్లి తూర్పు దీవుల్లో మసాలా దినుసులకు మార్చుకునేవారు.)

అదే శతాబ్దపు కవి ట్రాహెర్న్ సిలబస్‌లో లేకపోయినా చదవండి. హెర్ఫర్డ్‌లో చెప్పులు కుట్టేవాడి కొడుకు, 1674లో పోయాడు. పద్యాల చేతిరాత ప్రతులు రెండు వందల ఏళ్లకు పైగా ఎవరికీ తెలియకుండా పడి ఉండి, 1896-97లో లండన్‌లో పాత పుస్తకాల బండి మీద దొరికాయి. మన ఆబిడ్స్ ఆదివారం బజారులాంటి చోట అన్నమాట. ముందు వాన్ పద్యాలనుకున్నారు. బర్ట్రామ్ డోబెల్ అసలు కవి ఎవరో పట్టుకుని 1903లో అచ్చు వేశాడు. ఇంకో ప్రతి 1967 ప్రాంతంలో లాంకషైర్‌లో కాలుతున్న చెత్తకుప్పలోంచి బయటపడింది. డన్ భయం చదివి బరువెక్కినప్పుడు ఈయన వచనం 'సెంచురీస్' తీయండి. చిన్నతనంలో చూసిన గోధుమచేను ఎవరూ విత్తనిది, ఎవరూ కోయనిది అనిపించిందని రాస్తాడు. ఆ సంతోషం నటన కాదు.

బైబిలు మొత్తం చదవక్కర్లేదు. ఇంటి పక్కనున్న ఎవరినడిగినా తెలుగు బైబిలు ఇస్తారు. కీర్తనలు ఓ పది, పరమగీతము, లూకా 15లో తప్పిపోయిన కుమారుడి కథ, యోహాను 3లో రాత్రివేళ వచ్చిన నీకొదేము కథ ('ద నైట్' దానిమీదే), సిలువ ఘట్టం. తర్వాత అవే భాగాలు 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిలు ఇంగ్లీషులో పైకి చదవండి. ఆ కవుల చెవుల్లో మోగినది ఆ లయే.

పాత మాటల విషయంలో తెలిసిన మాటల దగ్గరే ఎక్కువ జాగ్రత్త పడండి. తెలియని మాటకు డిక్షనరీ తీస్తాం, తెలిసినదాని దగ్గర మోసపోతాం. 'లవ్'లో 'మీట్' అంటే మాంసం కాదు, భోజనం. 'స్టిల్' అంటే చాలాచోట్ల ఎల్లప్పుడూ. 'వాంట్' అంటే కోరిక కాదు, లేమి. 'ఫాండ్' అంటే తెలివితక్కువ. పుస్తకం కొనాలంటే హెలెన్ గార్డ్‌నర్ కూర్చిన పెంగ్విన్ సంకలనం పాత పుస్తకాల షాపుల్లో చూడండి. హెర్బర్ట్‌కు హెలెన్ విల్‌కాక్స్ పరిష్కరించిన కేంబ్రిడ్జ్ ప్రతి లైబ్రరీలో దొరికితే వదలకండి. లిబ్రివాక్స్ అనే ఆడియో పుస్తకాల వెబ్‌సైట్‌లో ఉచితంగా వినొచ్చు, కానీ మీరు పైకి చదివాకే వినండి.

ఈ వారం ఒక్కటే పని పెట్టుకోండి. లూకా 12వ అధ్యాయం 37వ వచనం చూడండి. యజమాని నడుము కట్టుకుని, సేవకులను భోజనానికి కూర్చోబెట్టి, తానే వచ్చి వడ్డిస్తాడని అందులో ఉంటుంది. తర్వాత 'లవ్' 18 పాదాలూ చేత్తో రాసుకుని, ఎవరి మాట ఎక్కడ మొదలై ఎక్కడ అయిందో రెండు రంగుల పెన్నులతో గుర్తు పెట్టి, గైడు తెరవకుండా మీ తెలుగులో చెప్పుకోండి. 'సర్వ్' దగ్గర మీరు ఏ మాట వాడారో నాకు రాయండి.